హార్మోనియంలో టకటక, కిర్రు, జీర, బుస: ఒక్కొక్కటిగా తగ్గించుకునే పద్ధతి

పద్యం మధ్యలో నటుడు రాగం తీసి ఊపిరి కోసం ఒక్క క్షణం ఆగుతాడు. ఆ క్షణంలో వినపడాల్సింది హార్మోనియం పట్టి ఉంచిన శ్రుతి ఒక్కటే. దానికి బదులు మెట్లు టకటక కొట్టుకోవడం, తిత్తి కిర్రుమనడం మైకులోంచి పందిరంతా వినపడిందంటే పద్యం పట్టు అక్కడే సడలిపోతుంది. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో నాటకాలకూ భజనలకూ ఇరవై ఏళ్ళకు పైగా హార్మోనియం వాయిస్తున్నాను. మా గురువుగారి కాలంలో ఈ చప్పుళ్ళు వాయించేవాడికి తప్ప ఎవరికీ తెలిసేవి కావు. ఇప్పుడు పెట్టెకు జానెడు దూరంలో మైకు పెడుతున్నారు. ముందు వరసలో పది ఫోన్లు రికార్డు చేస్తుంటాయి. స్వరం ఎంత దూరం పోతుందో చప్పుడూ అంత దూరం పోతోంది.

మన సీమ పల్లెల్లో హార్మోనియం లేని భజన మందిరం తక్కువ. 1885లో సురభి నాటకాలు మొదలైంది కడప జిల్లా సురభి గ్రామంలో. పేరుమోసిన రంగస్థల నటుడు బళ్ళారి రాఘవ పుట్టింది తాడిపత్రిలో. నాటకం ఇంతగా నాటుకున్న నేల కాబట్టి పాత పెట్టెలు ఊరూరా మిగిలి ఉన్నాయి. వాటిలో చాలావాటిని ‘చెడిపోయింది’ అని అటకెక్కించేశారు. నేను విప్పి చూసినంతలో వాటిలో ఎక్కువ భాగం చెడిపోలేదు. దుమ్ము పట్టింది, తోలు ఎండింది, స్క్రూలు వదులయ్యాయి, అంతే. ఒక ఆదివారం ఓపిగ్గా కూర్చుంటే మీరే సరిచేసుకోవచ్చు.

అయితే ఒక్క షరతు. చప్పుడు ఎక్కడ పుడుతోందో తేల్చుకోకముందు ఒక్క స్క్రూ కూడా విప్పవద్దు. నూనె సీసా అయితే ఆ గదిలోనే ఉండకూడదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

లోపల ఏం జరుగుతుందో ముందు తెలుసుకోండి

మెట్టు అంటే పొడవాటి చెక్కబద్ద. మనం ముందు భాగం నొక్కితే వెనక భాగం పైకి లేస్తుంది. ఆ వెనక భాగం అడుగున మెత్తటి గుడ్డ, దాని కింద తోలు అంటించి ఉంటాయి. ఆ తోలు, రీడ్లు బిగించిన పలక (రీడ్ బోర్డు) మీది రంధ్రాన్ని మూసి ఉంచుతుంది. మెట్టు లేచినప్పుడు రంధ్రం తెరుచుకుంటుంది, గాలి కింద ఉన్న ఇత్తడి రీడు గుండా బయటికి వస్తుంది, రీడు నాలుక అదిరి స్వరం పలుకుతుంది. వేలు తీసేస్తే స్ప్రింగు మెట్టును మళ్ళీ రంధ్రం మీద కూర్చోబెడుతుంది. గాలి ఇచ్చేవి రెండు తిత్తులు. మనం చేత్తో ఆడించేది బయటి తిత్తి. పెట్టె అడుగున స్ప్రింగుల ఒత్తిడితో గాలిని నిలవ ఉంచేది లోపలి తిత్తి.

కాబట్టి మెట్టు కింద కొట్టుకుంటే ఒక చప్పుడు, పైకి వచ్చి కూర్చున్నప్పుడు ఇంకో చప్పుడు. పక్కలకు ఊగితే ఒకటి, స్ప్రింగు రాసుకుంటే ఒకటి, తిత్తి ఊపిరి ఒకటి, రీడు జీర ఒకటి. చెవికి అన్నీ కలిసి ఒకే గోలలా ఉంటాయి గానీ మందు దేనికదే వేరు.

కావాల్సిన సామాను

సరిగ్గా పట్టే చిన్న స్క్రూడ్రైవర్లు రెండు (ఒకటి సన్నది, ఒకటి వెడల్పుది), మెత్తటి పెయింటు బ్రష్షు, పాత టూత్ బ్రష్షు, 6బి పెన్సిలు (మెత్తగా, నల్లగా గీసేది), టార్చి, పలుచటి గట్టి కాగితం ముక్కలు, పళ్ళపుల్లలు, తెల్ల బంక, పట్టకారు. ఊలు గుడ్డ కావాలి. పాత ఊలు కోటు ముక్క దొరికితే కొత్తది కొనక్కర్లేదు. మెత్తటి పలుచని గొర్రెతోలు కొంచెం కావాలి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే తోలు దొరుకుతుంది కదా అని ఒకాయన నన్నడిగాడు. ఆ తోలు గట్టిగా, వెలుతురు కనపడేలా ఉంటుంది. బొమ్మకు అదే అందం, మనకు మాత్రం పనికిరాదు. వేళ్ళతో మడిస్తే గుడ్డలా మడతపడే తోలే కావాలి.

విప్పే ముందు ప్రతి దశలోనూ ఫోన్‌తో ఫోటో తీసుకోండి. తీసిన స్క్రూలను ఏ రంధ్రంలోవి ఆ వరసలోనే ఒక అట్టముక్కకు గుచ్చి పెట్టుకోండి. పాత పెట్టెల్లో స్క్రూల పొడవు ఒకేలా ఉండదు. పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే చెక్క చీలి కొత్త జబ్బు మొదలవుతుంది.

మొదటి పని: వినడం

ఫ్యాను ఆపేయండి. తలుపు వేసుకోండి. గాలి కొట్టకుండానే, అంటే తిత్తి ముట్టుకోకుండా, ఎడమ చివరి నుంచి కుడి చివరిదాకా మెట్లన్నీ ఒక్కొక్కటిగా నొక్కి వదలండి. మీది 37 మెట్లదైనా 42 మెట్లదైనా ఐదు నిమిషాల పని. స్వరం లేదు కాబట్టి చప్పుడు ఒక్కటే వినపడుతుంది. ఎక్కువ గోల చేసే మెట్టు మీద చిన్న కాగితం ముక్క పెట్టి గుర్తు వేసుకోండి.

తర్వాత మెట్లు ముట్టుకోకుండా తిత్తి ఒక్కటే ఆడించండి. చివరగా గాలి కొడుతూ ఒక్కో స్వరాన్ని పట్టి ఉంచి వినండి. ఈ మూడు విడతలతో చప్పుడు మెట్లదా, తిత్తిదా, రీడుదా అనేది తేలిపోతుంది. చాలామంది ఈ పని వదిలేసి నేరుగా పెట్టె విప్పుతారు. దేనికోసం విప్పారో వాళ్ళకే తెలియక, కనపడిందల్లా బిగించి మళ్ళీ మూసేస్తారు.

మెట్ల టకటక

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం. హార్మోనియం మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం దీనివే.

ఒక మెట్టును చివరిదాకా చాలా నెమ్మదిగా నొక్కి, ఆపి, ఒక్కసారిగా వేలు తీసేయండి. ‘టప్’ అన్నదంటే చప్పుడు మెట్టు వెనక్కి వచ్చి కూర్చోవడంలో ఉంది. ఇప్పుడు దానికి తలకిందులుగా, గబుక్కున నొక్కి, మెల్లగా వదలండి. అప్పుడు చప్పుడు వస్తే అది మెట్టు ముందు భాగం కింద కొట్టుకోవడం. రెండింటికీ టకటక అనే అంటాం గానీ మందు పడాల్సిన చోటు వేరు.

కింద కొట్టుకునే చప్పుడైతే, మెట్ల ముందు భాగం అడుగున అడ్డంగా పరిచిన గుడ్డపట్టీని చూడండి. ఏళ్ళ తరబడి దెబ్బలు తిని ఆ పట్టీ అట్టలా గట్టిపడిపోయి ఉంటుంది. ఎక్కువగా వాయించే మధ్య స్థాయి మెట్ల కింద పలచబడి, గుంటలు పడి కనపడుతుంది. దాన్ని తీసేసి అదే మందంలో కొత్త ఊలు గుడ్డ వేయండి. మెత్తగా ఉంటుంది కదా అని మందం పెంచవద్దు. పట్టీ మందమైతే మెట్టు దిగాల్సినంత దిగదు, వెనక రంధ్రం సగమే తెరుచుకుంటుంది, స్వరం నీరసంగా పలుకుతుంది. చప్పుడు తగ్గించబోయి స్వరాన్ని పోగొట్టుకున్నట్టవుతుంది. బంక గుడ్డ అంతటా పూయవద్దు, అంచున సన్నగా ఒక గీత చాలు. బంక పీల్చుకున్న గుడ్డ ఆరాక మళ్ళీ అట్టే.

పైకి వచ్చి కూర్చునే ‘టప్’ అయితే దోషం తోలుది. ఒక మెట్టు విప్పి దాని అడుగు చూడండి. తోలు మీద రంధ్రం ఆకారంలో లోతైన ముద్ర పడి ఉంటుంది. వేలితో రాస్తే నున్నగా, గోటితో తడితే టకటక వినపడేంత గట్టిగా ఉంటుంది. ముందు టూత్ బ్రష్షుతో ఆ తోలును ఒకే దిక్కుకు మెల్లగా దువ్వండి. నూగు లేచి మెత్తబడితే అదృష్టం, ఇంకో రెండు మూడేళ్ళు నడుస్తుంది. లేవకపోతే మార్చాల్సిందే. కొత్త తోలు అంటించేటప్పుడు నూగు ఉన్న గరుకు వైపు రంధ్రం మీదికి రావాలి, నున్నటి వైపు మెట్టుకు అంటాలి. ఇది తారుమారైతే చప్పుడూ పోదు, గాలి కూడా కారుతుంది.

మెట్లు విప్పేముందు ప్రతిదాని మీద వెనకవైపు పెన్సిలుతో అంకె వేయండి. కంటికి ఒకేలా ఉంటాయి గానీ ఏ మెట్టుకు ఆ చోటే. కొన్ని పెట్టెల్లో మెట్టు ఒక్కొక్కటే విడిగా వస్తుంది. కొన్నింట్లో ఒకే తీగ అన్ని మెట్లలోంచీ దూరి ఉంటుంది. అలాంటిది మీ చేతిలో ఉంటే తీగ లాగవద్దు, ఆ ఒక్క పనికి మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళండి.

స్ప్రింగు విషయంలో ఒక జాగ్రత్త. స్ప్రింగు మరీ బిగువుగా ఉంటే మెట్టు విసురుగా వచ్చి కూర్చుంటుంది, చప్పుడు పెరుగుతుంది. వదులు చేస్తే చప్పుడు తగ్గుతుంది గానీ రంధ్రం గట్టిగా మూసుకోదు, గాలి కారుతుంది, ఒక్కోసారి నొక్కని స్వరం కూడా సన్నగా పలుకుతుంది. అందుకే ముందు తోలు సరిచేసి, ఆ తర్వాత కూడా ఒక మెట్టు పక్కవాటికంటే బిరుసుగా అనిపిస్తే, ఆ ఒక్క స్ప్రింగునే చాలా కొద్దిగా వదులు చేయండి. వేలికి అన్ని మెట్లూ ఒకే బరువుగా తగలాలి.

పక్కలకు ఊగే మెట్లు

వేలు మెట్టు మీద పెట్టి నొక్కకుండా అటూ ఇటూ కదపండి. గలగలమంటే దాన్ని నిలబెట్టే పిన్ను దగ్గర చోటు ఎక్కువైందన్నమాట. పిన్ను తిరిగే గాడిలో పలుచని ఊలు గుడ్డ పీలిక అంటిస్తే చాలు. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఒక విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉండాలి. అంతకంటే తక్కువైతే వానాకాలంలో పక్క మెట్టును కూడా లాక్కుని కిందికి పోతుంది.

ఇక్కడ మన ఎండల గురించి చెప్పాలి. కర్నూలులో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అనంతపురం జిల్లాకు ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూనే. ఈ పొడి గాలికి చెక్క ఎండి కుంచించుకుపోతుంది. మెట్లు వదులవుతాయి, స్క్రూలు వదులవుతాయి. అదే పెట్టె సెప్టెంబరు, అక్టోబరు వానలకు ఉబ్బుతుంది. మే నెలలో గలగలమంటోందని పిన్నుల దగ్గర గుడ్డ గట్టిగా బిగిస్తే, దసరా నాటికి మెట్టు దిగింది దిగినట్టే ఉండిపోతుంది. అందుకే నేను మెట్ల పని సంక్రాంతికి ముందు, చలి రోజుల్లో పెట్టుకుంటాను. వేసవిలో చేయక తప్పకపోతే కొంచెం వదులుగానే వదిలేయండి.

కిర్రు, నూనె కథ

మెట్టు నొక్కినప్పుడు కిర్రుమంటే స్ప్రింగు చివర చెక్కకు రాసుకుంటోంది. స్ప్రింగు తగిలే చోట 6బి పెన్సిలుతో నల్లగా రుద్దండి. పెన్సిలు ముక్కు పొడి చేసి పళ్ళపుల్లతో అద్దినా సరే. పిన్ను తుప్పు పట్టి ఉంటే సన్నని గీకుడు కాగితంతో తుడిచి, ఆ పొడి పూర్తిగా బ్రష్షుతో దులిపి, అప్పుడు పెన్సిలు రుద్దండి. దీని పనితనం చాలా కాలం ఉంటుంది.

నూనె ఎందుకు వద్దో నా చేతులతోనే తెలుసుకున్నాను. వాయించడం మొదలుపెట్టిన కొత్తలో పత్తికొండ వైపు ఒక ఊళ్ళో శివరాత్రి నాటకం ఒప్పుకున్నాను. మధ్య స్థాయిలో రెండు మెట్లు కిర్రుమంటున్నాయని సాయంత్రం కుట్టుమిషను నూనె రెండేసి చుక్కలు వేశాను. ఆ రాత్రి అద్భుతంగా పలికింది. నాకు చాలా సంతోషం వేసింది. నెల రోజులు గడిచేసరికి నూనె చెక్కలోకి ఇంకి, దుమ్ముతో కలిసి జిగురైంది. తోలుకు పాకి రంధ్రం అంచుకు అంటుకుంది. శ్రీరామనవమి భజనలో ఆ రెండు మెట్లూ పైకి రావడం మానేశాయి. ఐదున్నర అనే హెచ్చు శ్రుతిలో పాడుతున్న పెద్దాయన పాట ఆపేసి నా వైపు చూశారు. ఆ చూపు నాకింకా గుర్తుంది.

కర్నూలులో నేను పెట్టె చూపించిన మేస్త్రి మెట్టు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

“నూనె పోసింది ఎవురు నాయనా?”

“నేనే తాతా. కిర్రుమంటాంటే...”

“కిర్రుమంటే ఎండిందని కాదు అబ్బీ, రాసుకుంటాందని. రాసుకునే చోటు ఏదో చూడల్ల. నూనె పోస్తే ఆ చోటు కనపడకుండా పోతాది.”

ఆ రెండు మెట్లకూ తోలు మార్చడమే కాకుండా చెక్క అంచు కూడా చెక్కాల్సి వచ్చింది. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె, తలుపు బందులకు కొట్టే స్ప్రే, ఏదీ మెట్ల దగ్గరికీ రీడ్ల దగ్గరికీ రానివ్వకండి. రీడుకు నూనె తగిలితే దుమ్ము అంటుకుని స్వరమే మారిపోతుంది.

తిత్తి బుస, ఫట్ ఫట్, కిర్రు

తిత్తి ఒక్కటే ఆడించి విన్నప్పుడు చప్పుడు వస్తే, ముందు గాలి ఎక్కడ కారుతోందో చూడండి. స్టాపర్లు (రీడ్లకు గాలిని వదలడానికీ ఆపడానికీ పెట్టె ముందు ఉండే గుండ్లు) అన్నీ మూసేసి, మెట్లేవీ నొక్కకుండా గాలి నింపండి. లోపలి తిత్తి నిండాక చేయి తీసి చూడండి. వెంటనే దిగిపోతోందంటే దోషం తిత్తుల్లోనే ఉంది. నిలబడితే, ఇప్పుడు స్టాపర్లు తెరిచి మళ్ళీ చూడండి. ఇప్పుడు దిగిపోతే గాలి మెట్ల తోళ్ళ కిందినుంచో రీడ్ బోర్డు అంచు నుంచో పోతోంది. ఈ ఒక్క పరీక్షతో సగం పెట్టె విప్పే శ్రమ తప్పుతుంది.

తిత్తి మడతల మూలల్లో తోలు ముందుగా చిరుగుతుంది. చీకటి గదిలో లోపల టార్చి పెట్టగలిగితే చిరుగు చుక్కలా మెరుస్తుంది. అలా వీలుకాకపోతే మడత మడతకూ తడి చెయ్యి దగ్గర పెట్టి చూడండి, గాలి చల్లగా తగులుతుంది. పలుచటి తోలుముక్క అంచులు మరింత పలచగా గీకి అంటించండి. సెల్లోటేపు వేయవద్దు. ఎండకు దాని జిగురు కరిగి మడతలకు అంటుకుంటుంది, తర్వాత తీస్తే తోలు కూడా ఊడి వస్తుంది.

‘ఫట్, ఫట్’ అనేది గాలి తలుపుల చప్పుడు. తిత్తి పలకకు లోపలివైపు రంధ్రాల మీద తోలు రెక్కలుంటాయి. తిత్తి తెరిచినప్పుడు అవి లేచి గాలిని లోపలికి రానిస్తాయి, మూసినప్పుడు పడి రంధ్రం మూస్తాయి. నొక్కడం మొదలుపెట్టగానే ఫట్ అంటే ఈ రెక్కదే. తెరిచేటప్పుడు ఫట్ అంటే రెండు తిత్తుల మధ్య ఉండే లోపలి రెక్కది. ఎండి వంకర తిరిగిన రెక్క తీసేసి మెత్తటి తోలు వేస్తే ఊపిరి లాంటి చప్పుడు మాత్రం మిగులుతుంది. అది ఉండాల్సిందే.

తిత్తి పలకను పట్టి ఉంచే బందులు కిర్రుమంటే అక్కడా పెన్సిలు పొడే. బందు స్క్రూలు వదులైతే బిగించండి. పట్టు పోయి తిరుగుతూనే ఉంటే రంధ్రంలో పళ్ళపుల్ల ముక్క బంకతో దూర్చి ఆరనిచ్చి బిగిస్తే మళ్ళీ పట్టుకుంటుంది.

గాలి ఎక్కువ కొట్టే అలవాటు వల్ల వచ్చే చప్పుడు కూడా ఉంది. లోపలి తిత్తి పూర్తిగా నిండాక కూడా కొడుతూనే ఉంటే అది పెట్టె అడుగును తాకి దబ్బుమంటుంది. పలక తాకే చోట ఊలు గుడ్డ అంటిస్తే చప్పుడు తగ్గుతుంది. చేతిని చిన్న చిన్న కదలికలకు అలవాటు చేసుకుంటే ఆ గుడ్డ అవసరమే రాదు.

జీర

ఒక స్వరం పట్టి ఉంచినప్పుడు దాంతోపాటు ‘జ్‌ర్‌ర్’మని వస్తే వెంటనే రీడును అనుమానించవద్దు. దీనికి ఇంట్లో ఇంకొకరి సాయం తీసుకోండి. మీరు స్వరం పట్టి ఉంచండి. వాళ్ళు జాలీ, మూత, స్టాపర్ల గుండ్లు, పక్క పిడులు, మూత అద్దం ఒక్కొక్కటే వేలితో అదిమి చూడాలి. ఏది అదిమితే జీర ఆగుతుందో అదే దొంగ. నా పెట్టెలో ఒకసారి మూడు రోజులు రీడ్లు వెతికాను. చివరికి మా అమ్మాయి పక్క పిడిని పట్టుకుంటే ఆగిపోయింది. పిడి స్క్రూ కింద చిన్న తోలు బిళ్ళ పెట్టి బిగించాను, పోయింది.

ఎక్కడ అదిమినా ఆగకపోతే అప్పుడు రీడు. రీడ్ బోర్డును ఎత్తి తలకిందులు చేసి మెత్తటి గుడ్డ మీద పెట్టండి. చెమట చేత్తో ఇత్తడిని తాకవద్దు, చెమట ఉప్పుకు మచ్చలు పడతాయి. జీర వచ్చే రీడు స్క్రూలు ముందు చూడండి. మన వేసవి తర్వాత అవి పావు చుట్టు దాకా తిరుగుతాయి. బిగించాక కూడా జీర ఉంటే, రీడు వెనక టార్చి పెట్టి నాలుకకు రెండు వైపులా వెలుతురు గీత చూడండి. రెండు గీతలూ ఒకేలా ఉండాలి. ఒక వైపు గీత మాయమైందంటే అక్కడ దుమ్ము ఉంది, లేదా నాలుక పక్కకు జరిగి చట్రానికి తగులుతోంది.

దుమ్మైతే పలుచటి గట్టి కాగితాన్ని నాలుక పక్క సందులో పెట్టి, బిగించి ఉన్న మొదలు నుంచి కొసవైపుకు మెల్లగా లాగండి. బ్రష్షు కూడా ఎప్పుడూ మొదలు నుంచి కొసకే. ఎదురు దువ్వితే నాలుక వంగుతుంది. బ్లేడు, గుండుసూది దగ్గరికి రానివ్వకండి. నాలుక కొసన గీత పడితే స్వరం పైకి పోతుంది, మొదట్లో పడితే కిందికి పోతుంది. నాలుక పక్కకు జరిగి ఉంటే దాన్ని మధ్యకు తేవడం చేతి అలవాటు మీద చేసే పని. మొదటిసారి అయితే మేస్త్రికి ఇవ్వండి. అందులో సిగ్గుపడాల్సింది లేదు.

ఆగకుండా కూసే స్వరం

కడప దగ్గర ఒక భజన మందిరంలో కల్యాణం మర్నాడు పిలిపించారు. మెట్టు నొక్కకుండానే ఒక స్వరం పలుకుతూనే ఉంది, గాలి ఉన్నంతసేపూ ఆగదు. పై చెక్క తీసి, ఆ మెట్టు వెనక భాగం కొద్దిగా ఎత్తి టార్చి వేశాను. తోలుకూ రంధ్రానికీ మధ్య పసుపు రంగు బియ్యపు గింజ ఒకటి ఇరుక్కుని ఉంది. అక్షింత. పట్టకారుతో తీసి, తోలును బ్రష్షుతో దువ్వితే క్షణంలో స్వరం ఆగింది. అక్కడున్న పెద్దమ్మ ఆ గింజను కళ్ళకద్దుకుని కొంగున కట్టుకుంది.

అందుకని ఆయుధపూజ రోజు పసుపు కుంకుమలు పెట్టెకు పక్క చెక్క మీద పెట్టండి, మెట్ల మీద చల్లవద్దు. విభూతి, కుంకుమ, అగరబత్తి నుసి మెట్ల సందుల్లోంచి నేరుగా తోలు దాకా పోతాయి. కల్యాణాల్లో అక్షింతలు వేసే సమయానికి మెట్ల మీద ఒక తువ్వాలు కప్పి ఉంచితే చాలు.

కప్లర్, స్కేల్ ఛేంజర్

ఒక మెట్టు నొక్కితే వేరే స్థాయిలో అదే స్వరం మెట్టును కూడా నొక్కే ఏర్పాటును కప్లర్ అంటారు. కప్లర్ వేసినప్పుడు మాత్రమే టకటక పెరుగుతుంటే కప్లర్ తీగలు మెట్లకు తగిలే చోట గుడ్డ అరిగిపోయి ఉంటుంది. వాయించే పాటకు కప్లర్ అవసరం లేకపోతే తీసేసి వాయించండి. స్కేల్ ఛేంజర్ పెట్టెలో శ్రుతి మార్చుకోవడానికి మెట్ల వరస మొత్తం జరుగుతుంది. దాన్ని ఇంట్లో విప్పవద్దు.

మైకు పెట్టే చోటు

అన్నీ సరిచేసినా కొంత చప్పుడు మిగులుతుంది. చెక్క, తోలు, గాలితో నడిచే వాద్యంలో అది సహజం. మైకును మెట్ల మీదికి వంచి పెట్టకండి. పెట్టెకు అవతలివైపు, స్వరం బయటికి వచ్చే జాలీకి ఎదురుగా, జానెడు కాకుండా మూరెడు దూరంలో పెట్టించండి. అనంతపురం లలితకళాపరిషత్తులోనైనా పల్లె పందిట్లోనైనా మైకువాళ్ళతో ఈ మాట ముందే చెప్పుకోండి. తెర లేచాక చెప్పినా వినే తీరిక వాళ్ళకు ఉండదు. చెక్కబల్ల మీద నేరుగా పెట్టె పెడితే తిత్తి దెబ్బలన్నీ బల్ల మోగిస్తుంది. కింద మడతపెట్టిన దుప్పటి పరవండి. వేళ్ళకు ఉంగరాలుంటే తీసేయండి, గోళ్ళు కత్తిరించుకోండి. మెట్ల చప్పుడు అనుకున్నది గోటి చప్పుడైన రోజులు కూడా నేను చూశాను.

ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని దూరం పెట్టిందని చెబితే, ఈ చప్పుళ్ళ వల్లేనా అని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. కాదు. మన సంగీతంలోని గమకాలు ఆ మెట్ల మీద పలకవనేది అప్పటి ప్రధాన అభ్యంతరం. గమకం మన చేతిలో లేదేమో గానీ చప్పుడు మన చేతిలోనే ఉంది.

పని అయ్యాక

మళ్ళీ ఫ్యాను ఆపి, గాలి లేకుండా మెట్లన్నీ ఒకసారి, తిత్తి ఒకసారి, స్వరాలు ఒకసారి వినండి. ముందు ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకుని ఉంటే రెండూ పక్కపక్కన పెట్టి వినవచ్చు. స్క్రూలను వారం తర్వాత ఒకసారి చూసుకోండి. పెట్టెను కారు డిక్కీలో ఎండకు వదలవద్దు, కూలర్ ముందు పెట్టవద్దు. ఊలు గుడ్డను పురుగు కొట్టకుండా, ఎండిన వేపాకు చిన్న గుడ్డలో మూటకట్టి పెట్టె బయటి కవరులో పెట్టుకోండి, లోపల వద్దు. నెలల తరబడి మూసి ఉంచకుండా వారానికోసారైనా పది నిమిషాలు అన్ని మెట్లూ వాయించండి. ఎక్కడ కొత్త చప్పుడు మొదలైనా ఆ పది నిమిషాల్లోనే మీ చెవికి తగులుతుంది.